ఎనిమిది వేల కిలోమీటర్ల లోటు

పెదపూడి వీరరాఘవులు చేసిన నేరమల్లా అమెరికాకి త్వరగా చేరడం. ఆలస్యంగా చేరే ఉద్యోగులను ప్రభుత్వం వేలమందిని చూసింది, మందలించింది, క్షమించింది, కొందరికి పదోన్నతులు కూడా ఇచ్చింది. కానీ చేరవలసిన సమయానికి తొమ్మిదిన్నర గంటల ముందే చేరినవాణ్ణి ఏం చెయ్యాలో ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. అదే రాఘవులు కొంప ముంచింది.

రాఘవులు బందరులోని రొయ్యల మేత ప్రమాణాల కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. పంతొమ్మిదేళ్ల సర్వీసులో ఎవరి జోలికీ పోలేదు, ఎవరితోనూ మాట పడలేదు. ఆ మంచితనమే అతన్ని అమెరికా విమానం ఎక్కించింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగే మేతల మహాసభకి మేత నమూనాల డబ్బాలు పట్టుకుని ఒకరు వెళ్లాలని పై నుంచి కబురొచ్చినప్పుడు ముగ్గురు అధికారులు ముందుకొచ్చారు. మిగతా ఇద్దరూ ఎందుకు పనికిరారో ఒక్కొక్కరూ నాలుగేసి పేజీలు రాసి పంపారు. పైవాళ్లు ఆ మూడు అర్జీలూ చదివి, మూడూ నిజమేనని నమ్మి, ఎవరూ ఎవరికీ వ్యతిరేకంగా ఏమీ రాయని ఒకే ఒక్క పేరు వెతికి పట్టుకున్నారు. అలా మార్చి ఇరవయ్యో తారీకున రాఘవులు బెంగళూరులో విమానం ఎక్కాడు.

వెళ్లాడు, డబ్బాలు అప్పగించాడు, వారం తిరక్కుండా వచ్చాడు. వచ్చి అందరూ రాసే టూర్ డైరీయే తనూ రాశాడు. బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో, విమాన మార్గం, పద్నాలుగు వేల కిలోమీటర్లు, పదహారున్నర గంటలు. విమానంలో సీటు ముందున్న చిన్న తెర మీద చూసి శ్రద్ధగా రాసుకొచ్చిన లెక్క అది. కింద సంతకం పెట్టి సూపరింటెండెంటు మాణిక్యాంబ గారి బల్ల మీద ఉంచాడు.

ఆ డైరీ ఎంత తొందరగా ఆమోదం పొందితే అంత మంచిదని అతని ఆరాటం. దానికి కారణం ఉంది. అతని భార్య హైమావతి మడకశిరలో సర్కారు బడిలో సోషల్ టీచరు. బందరు సముద్రం ఒడ్డున ఉంటే మడకశిర రాష్ట్రానికి ఆ చివర, కర్ణాటక గట్టు మీద ఉంది. రెండు బస్సులు మారి వెళితే పదిహేను గంటలు. తొమ్మిదేళ్లుగా ఇద్దరూ రెండో శనివారాలకీ పండగలకీ కలుసుకునే కాపురం చేస్తున్నారు. అమెరికా వెళ్లొచ్చాక రాఘవులు మొదటిసారి గమనించిన సంగతేమిటంటే, అమెరికాకీ మడకశిరకీ గంటన్నరే తేడా. అమెరికా దారిలో రెండుసార్లు భోజనం కూడా పెట్టారు.

మడకశిర పక్కన హిందూపురంలో వాళ్ల శాఖకే ఒక ఉపకార్యాలయం ఉంది. నీటిచుక్క లేని ఊళ్లో రొయ్యల మేత ఆఫీసు ఎందుకని అడగకూడదు, ఉంది. అందులో ఒక పోస్టు ఆరేళ్లుగా ఖాళీ. దాన్ని కోరుకున్న మనిషి రాష్ట్రం మొత్తం మీద రాఘవులు ఒక్కడే. ఇన్నాళ్లూ బదిలీల మీద నిషేధం ఉండేది. ఈ ఏడు మే నెలాఖరు దాకా నిషేధం ఎత్తేశారు. భార్యాభర్తల కేసులకి మొదటి ప్రాధాన్యం అన్నారు. ఒకే ఒక్క షరతు, ఉద్యోగి మీద ఏ మెమోలూ పెండింగులో ఉండకూడదు.

"ఈసారి తప్పదు హైమా, వచ్చేస్తున్నాను," అని ఫోనులో చెప్పాడు రాఘవులు.

"ముందు ఉత్తర్వు చేతికి రానివ్వండి," అంది హైమావతి. ఆవిడకి ఆశలు లేక కాదు, తొమ్మిదేళ్లలో ఆ మాట ఏడోసారి వినడం.

మాణిక్యాంబ గారిది ముప్పై రెండేళ్ల సర్వీసు. ఆవిడ చేతికి వచ్చిన కాగితం ఏదీ కొర్రీ పడకుండా బయటికి పోలేదని ప్రతీతి. తన పెళ్లి శుభలేఖ మీద కూడా ముహూర్తానికి ఆధారం ఏమిటని కొర్రీ వేసిందని గిట్టనివాళ్లు అంటారు. అది అబద్ధం. ఆవిడ వేసింది కల్యాణ మండపం చిరునామా మీద.

ఆవిడ కుర్చీ వెనక గోడకి ఒక ప్రపంచ పటం ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకి రెండు మీటర్ల పొడవు. కింద కుడి మూలన చెదలు పట్టి న్యూజిలాండు పోయింది. అటువైపు ఎవరినీ పంపే అవసరం రాలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. రాఘవులు డైరీ చదివిన మాణిక్యాంబ గారు సొరుగులోంచి చెక్క స్కేలు తీసి, లేచి, కళ్లజోడు సర్దుకుని, బెంగళూరు మీద ఒక కొస ఆనించింది. అరేబియా సముద్రం, ఆఫ్రికా ఎడారి, అట్లాంటిక్ మహాసముద్రం దాటుకుంటూ స్కేలును మూడుసార్లు పూర్తిగా, నాలుగోసారి ఇరవై సెంటీమీటర్లు పొర్లించి శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది.

"నూటపది సెంటీమీటర్లు. సెంటీమీటరుకి రెండు వందల కిలోమీటర్లని పటం మీద అచ్చేసి ఉంది. ఇరవై రెండు వేల కిలోమీటర్లు రాఘవులు గారూ," అంది. "మీరు పద్నాలుగు వేలే రాశారేంటండీ?"

"విమానంలో అలాగే చూపించారండీ."

"వాళ్లు చూపించేది ప్రైవేటు లెక్క. ప్రభుత్వ పటం ప్రకారం మీరు ఎనిమిది వేల కిలోమీటర్లు తక్కువ ప్రయాణించారు. దూరంలో లోటు కనిపిస్తోంది."

"అయినా చేరాను గదండీ!"

"అదే నా అనుమానం. ఎనిమిది వేల కిలోమీటర్లు వెళ్లకుండా అంత దూరం ఎలా చేరారు?"

రాఘవులు, విమానం పడమరగా పోలేదనీ, పైకి ఉత్తరంగా పోయి, ధ్రువం పక్కగా మంచు మీదుగా అవతల దిగిందనీ, భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి అదే దగ్గరి దారనీ చెప్పాడు. కావాలంటే కుడివైపు నుంచి కొలిచి చూడమన్నాడు.

మాణిక్యాంబ గారు కుడివైపు చూసింది. "కుడివైపు జపాను తరవాత పటం అయిపోయింది. ఆపైన గోడ. గోడ తరవాత కిటికీ. మీరు కిటికీలోంచి వెళ్లారని రాసుకోమంటారా?" అని అడిగింది. ఆవిడ ఎగతాళికి అనలేదు, కలం తీసి నిజంగానే రాసుకోబోయింది.

మర్నాటికి కొర్రీ తయారైంది. గంటకి ఎనిమిది వందల యాభై కిలోమీటర్ల వేగాన ఇరవై రెండు వేల కిలోమీటర్లకు ఇరవై ఆరు గంటలు పట్టవలసి ఉండగా, సదరు ఉద్యోగి పదహారున్నర గంటలకే గమ్యస్థానం చేరినట్లు చూపుటకు కారణములు ఏడు రోజుల్లోగా తెలియజేయవలెను. అంతటితో ఆగలేదు. రాఘవులు జతచేసిన బోర్డింగు పాసు మీద బయల్దేరిన సమయం మధ్యాహ్నం రెండున్నర. అక్కడి విమానాశ్రయంలో దిగిన సమయం అదే రోజు సాయంత్రం ఆరున్నర. అంటే నాలుగు గంటలు. బందరు నుంచి హైదరాబాదుకే ఆరున్నర గంటలు పడుతుంటే, నాలుగు గంటల్లో అమెరికా ఎలా చేరారు? అక్కడి గడియారం వేరు, ఇక్కడి గడియారం వేరని రాఘవులు రాసిచ్చాడు. ప్రభుత్వోద్యోగి ప్రభుత్వ గడియారాన్నే పాటించాలని దాని మీద రెండో కొర్రీ పడింది. తిరుగు ప్రయాణం సంగతి వేరే ఫైలుగా తెరిచారు.

ఏప్రిల్ అయిపోయింది. కొర్రీ పెద్దదై చార్జి మెమో అయింది. "ప్రభుత్వము నిర్దేశించిన దూరమును పూర్తిగా ప్రయాణించకుండా మధ్యలోనే గమ్యస్థానమును చేరుకొనుట" అని నేరం పేరు పెట్టారు. మే మొదటివారంలో రాఘవులు ఆ కాగితం పట్టుకుని జాయింట్ డైరెక్టర్ శరభేశ్వరరావు గారి గదిలోకి వెళ్లాడు.

శరభేశ్వరరావు గారు మంచి మనిషి. అందరికీ న్యాయం జరగాలనేది ఆయన పట్టుదల, అందుకే ఎవరికీ జరిగేది కాదు. ఫైలంతా చదివి, కలం మూత తీశారు.

"చూడవయ్యా రాఘవులూ. నీ మాట పదహారున్నర గంటలు. పటం మాట ఇరవై ఆరు. గడియారం మాట నాలుగు. నేను ఎవరినీ కాదనలేను. మధ్యేమార్గంగా మూడూ కూడి మూడుతో భాగిద్దాం," అని కాగితం మీద లెక్క వేశారు. "పదిహేనున్నర వచ్చింది. నీకు బాగా అనుకూలంగా వచ్చిందయ్యా!"

"దయ ఉంచండి సార్. మెమో తీసేస్తే నెలాఖరులోగా..."

"కానీ ఒక చిక్కుంది. నువ్వు పదహారున్నర రాశావు. సగటు పదిహేనున్నర. గంట ఎక్కువ తీసుకున్నావు. ఆ గంట ఎక్కడ గడిపావు?"

"ఆకాశంలో సార్."

"ఆకాశంలో అంటే? స్థలం పేరు రాయాలిగా."

"పేరు తెలీదు సార్. కింద అంతా మంచు కనిపించింది."

"ఏ మండలం?"

ఆ మంచులో దూకి ఉంటే బాగుండునని రాఘవులుకి అనిపించిన మాట నిజం. అప్పటిదాకా త్వరగా చేరినందుకు దోషి, ఇప్పుడు ఆలస్యంగా చేరినందుకు కూడా. ధైర్యం కూడగట్టుకుని, "భూమి గుండ్రంగా ఉందని ఒప్పుకుంటే ఈ చిక్కేమీ ఉండదు సార్," అన్నాడు.

శరభేశ్వరరావు గారు తలుపు వేసి ఉందో లేదో చూసుకున్నారు. గొంతు తగ్గించి, "వ్యక్తిగతంగా అడిగితే నేనూ గుండ్రమనే నమ్ముతానయ్యా. చిన్నప్పటి నుంచీ నమ్ముతున్నాను. కానీ ఈ కుర్చీలో కూర్చుని నమ్మాలంటే ఉత్తర్వు ఉండాలి. మన శాఖలో భూమి ఆకారం మీద ఉత్తర్వులేవీ లేవు. సర్క్యులర్లన్నీ తిరగేయించాను. రొయ్య ఆకారం మీద పదకొండు ఉన్నాయి," అన్నారు.

"ఆరో తరగతి పుస్తకంలో ఉంది గద సార్."

"అది విద్యాశాఖ వారి పుస్తకం. మన శాఖ దాన్ని స్వీకరించినట్టు దాఖలా ఉండాలి. ఒక ఉపసంఘం వేస్తాను. నెలాఖరులోగా తేల్చేస్తుంది. నువ్వు దిగులుపడకు."

ఆ సాయంత్రం రాఘవులు ఫోనులో హైమావతికి సంగతంతా చెప్పాడు.

"మీ ఆఫీసులో గ్లోబు లేదా?"

"రొయ్యల మేత ఆఫీసు హైమా."

"సరే. పరీక్ష పేపర్లు దిద్దడం ఎల్లుండికి అయిపోతుంది. మా సోషల్ గదిలో గ్లోబు ఉంది, నా అధీనంలోనే. అది పట్టుకుని నేనే వస్తున్నాను. తొమ్మిదేళ్లు దరఖాస్తులు రాసి చూశాం. ఈసారి భూమిని చూపించి అడుగుదాం."

గ్లోబుని దిండు గలీబులో పెట్టి ఒళ్లో పట్టుకుని హైమావతి పదిహేను గంటలు బస్సుల్లో వచ్చింది. దారిలో కండక్టరు, "అందులో ఏముందమ్మా, గుమ్మడికాయా?" అని అడిగితే, "కాదు నాయనా, మా ఆయన ట్రాన్స్‌ఫరు," అని చెప్పిందట.

ఉపసంఘం మే ఇరవై రెండున కూర్చుంది. అధ్యక్షులు శరభేశ్వరరావు గారు, కార్యదర్శి మాణిక్యాంబ గారు, సభ్యులుగా మేతల పరీక్షాగారం నుంచి ఇద్దరు. హైమావతి గ్లోబుని బల్ల మీద పెట్టి, పూలు కట్టే దారం తీసి, ఒక కొస బెంగళూరు మీద, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగింది. దారం తనంతట తనే పైకి జరిగి, చైనా దాటి, సైబీరియా దాటి, పైనున్న తెల్లటి మంచు అంచు మీదుగా అలాస్కా పక్కకి దిగింది. ఆ దారాన్ని తీసి గ్లోబు నడుం మీద కొలిచి చూపించింది.

"భూమి చుట్టుకొలత నలభై వేలండీ. ఈ దారం అందులో మూడోవంతు కన్నా కొంచెం ఎక్కువ. సుమారు పద్నాలుగు వేలు. మావారు రాసింది ఒక్క కిలోమీటరు కూడా అబద్ధం కాదు."

ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్పినట్టే చెప్పింది. ఆ గదిలో అందరికీ అర్థమైంది. అర్థమైనట్టు ముందుగా ఒప్పుకుంటే బాధ్యత ఎక్కడ తమ మీద పడుతుందోనని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పరీక్షాగారం సభ్యుల్లో ఒకాయన గ్లోబుని ఒక్కసారి తిప్పి చూడొచ్చా అని అడిగి, అనుమతి తీసుకుని, చిన్నపిల్లాడిలా నాలుగుసార్లు తిప్పాడు. మాణిక్యాంబ గారు మాత్రం దారాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది.

"వస్తువు బలమైన సాక్ష్యం. దీన్ని పరిశీలన నిమిత్తం స్వాధీనం చేసుకుని స్టాకు రిజిస్టరులో ఎక్కించాలి," అని శరభేశ్వరరావు గారు సెలవిచ్చారు. హైమావతి రసీదు తీసుకుంది.

ఉత్తర్వు మే ముప్పై ఒకటిన వచ్చింది. బదిలీల గడువు సాయంత్రం ఐదు గంటలకి. ఉత్తర్వు మీద సంతకం పడింది నాలుగూ నలభైకి. రాఘవులు శరభేశ్వరరావు గారి గది గుమ్మంలోనే నిలబడి చదివాడు. భూమి గుండ్రముగా ఉన్నదనుటకు తగిన ప్రాథమిక ఆధారములు కలవని ఉపసంఘము ఏకగ్రీవముగా అభిప్రాయపడినది. అతని గుండె ఒక్కసారి ఎగిరింది. కావున ఈ ఉత్తర్వు వెలువడిన తేదీ నుండి ఈ కార్యాలయ పరిధిలో భూమి గుండ్రముగా ఉన్నట్లు పరిగణించవలెను. ఇంకో గెంతు వేసింది. అంతకు పూర్వము పూర్తయిన ప్రయాణములకు ఈ సౌలభ్యము వర్తించదు.

"సార్!" అన్నాడు రాఘవులు. "నేను మార్చిలో వెళ్లాను సార్."

"అవునయ్యా. మార్చిలో భూమి బల్లపరుపుగానే ఉంది, మన రికార్డుల ప్రకారం. వెనక తేదీ నుంచి గుండ్రం చేస్తే పాత ప్రయాణాలన్నీ తిరగదోడాలి. నా చేతుల్లో లేదు," అన్నారు శరభేశ్వరరావు గారు. ఆయన నిజంగానే బాధపడ్డారు. "ఇకమీదట వెళ్లేవాళ్లకి ఏ ఇబ్బందీ ఉండదు. అది నీ పుణ్యమే."

ఐదు గంటలు కొట్టింది. హిందూపురం పోస్టు ఏడో ఏడు కూడా ఖాళీగానే ఉండిపోయింది. ఆ రాత్రి హైమావతి పప్పుచారు పెట్టింది. అందులో ఉప్పు వెయ్యడం మరిచిపోయిందని రాఘవులు చెప్పలేదు, ఆవిడా గమనించలేదు.

జూన్ పన్నెండున బడులు తెరుస్తారు. పదో తారీకున బస్సెక్కే ముందు హైమావతి రసీదు చూపించి గ్లోబు అడిగింది. ఇవ్వడం కుదరదన్నారు. స్టాకు రిజిస్టరులోకి ఎక్కిన వస్తువు బయటికి పోవాలంటే అది పనికిరానిదని తేల్చాలి. భూమిని పనికిరానిదిగా ప్రకటించే అధికారం జాయింట్ డైరెక్టరు స్థాయికి లేదు. ఆవిడ ఖాళీ గలీబు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

బడి తెరిచిన రోజే అక్కడ సామాను తనిఖీ జరిగింది. గ్లోబు లేదు. రసీదు చూపిస్తే సంగతి ఇంకా ముదిరింది. "పాఠశాలకు చెందిన ఒక భూగోళమును ముందస్తు అనుమతి లేకుండా జిల్లా సరిహద్దులు దాటించుట" అని వాళ్ల శాఖ ఆవిడకి మెమో ఇచ్చింది. సస్పెండు చేస్తారేమోనని ఇంటిల్లిపాదీ, అంటే బందరులో ఒకరూ మడకశిరలో ఒకరూ, వారం రోజులు అన్నం సహించక గడిపారు.

వారం తరవాత హైమావతి ఫోను చేసింది.

"ఉత్తర్వు వచ్చిందండీ. చదువుతాను వినండి. 'సాక్ష్యమైన భూగోళమును ప్రస్తుత స్థానము నుండి కదుపుటకు వీలులేనందున, సదరు ఉపాధ్యాయురాలు విచారణ పూర్తియగు వరకు సదరు భూగోళమునకు అందుబాటులో ఉండవలెను. అంతవరకు ఆమెను బందరు పట్టణ ఉన్నత పాఠశాలకు అటాచ్ చేయడమైనది. ప్రతిరోజు సాయంత్రము భూగోళము ఎదుట సంతకము చేయవలెను.'"

"మళ్లీ చదువు," అన్నాడు రాఘవులు.

మళ్లీ చదివింది. మూడోసారి అడగబోయి ఊరుకున్నాడు, ఎందుకంటే అవతల ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. తన సంగతి తనకీ తెలియలేదు.

అలా తొమ్మిదేళ్లు స్పౌజ్ కేసు చెయ్యలేని పని ఒక నేరం వారం రోజుల్లో చేసింది. హైమావతి పొద్దున బడికి వెళ్లి పాఠం చెప్పేది. సాయంత్రం నాలుగున్నరకి రాఘవులు ఆఫీసుకి వచ్చి, బీరువా మీద గ్లోబు ఉందని చూసుకుని, రిజిస్టరులో సంతకం పెట్టేది. గ్లోబు ఆయన అధీనంలో ఉంది కాబట్టి విచారణాధికారిగా శరభేశ్వరరావు గారినే వేశారు. ఆయనకి పదిరోజులకోసారి రాఘవులు ఎదురుపడేవాడు.

"మీ ఆవిడ విచారణ ఆలస్యమవుతోందయ్యా. నాకే సిగ్గుగా ఉంది."

"తొందరేం లేదు సార్. ఆరోగ్యం చూసుకోండి."

దీపావళి వెళ్లిన సోమవారం శరభేశ్వరరావు గారు రాఘవుల్ని గదిలోకి పిలిచి, స్వీటు పెట్టి మరీ చెప్పారు. "నీకు చాలా అన్యాయం జరిగింది. నా మనసు ఒప్పుకోవడం లేదు. నాకున్న పరిచయాలన్నీ వాడి పైవాళ్ల చేత ప్రత్యేక అనుమతి తెప్పించాను. శుక్రవారం విచారణ ముగించి గ్లోబు ఇచ్చేస్తున్నాను. మీ ఆవిడ శనివారం హాయిగా మడకశిర వెళ్లిపోవచ్చు. సంతోషమేనా?"

ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆ ఆఫీసులో ఒక్క విచారణ కూడా ముగియడం రాఘవులు చూడలేదు. మొట్టమొదటిసారి ముగియబోతున్నది ఇదా! స్వీటు నోట్లో పెట్టుకుని బయటికి వచ్చాడు. ఎటు పోవాలో తోచక కాసేపు వరండాలో నిలబడి, చివరికి ఏ మనిషీ కోరి వెళ్లని చోటికి వెళ్లాడు.

మాణిక్యాంబ గారు తలెత్తకుండానే, "ఏంటండీ?" అంది.

"మేడమ్ గారూ... ఒక కొర్రీ కావాలండీ."

ఆవిడ కలం ఆగింది. ముప్పై రెండేళ్లలో కొర్రీ తియ్యమని అడిగినవాళ్లేగానీ వెయ్యమని అడిగినవాడు లేడు. కళ్లజోడు తీసి పమిటతో తుడుచుకుని, రాఘవులు మొహం చూసింది. అతను శుక్రవారం సంగతి చెప్పాడు.

"మావారిది ఆదిలాబాదు, నాది బందరు. అప్పుడు ఒకటే రాష్ట్రం," అంది ఆవిడ, ఎవరి ఫైలో చదువుతున్నట్టుగా. "మా స్పౌజ్ కేసు పద్దెనిమిదేళ్లు నడిచింది. ఆయన రిటైరైన మర్నాడు వచ్చింది ఉత్తర్వు. దాని మీద నేను కొర్రీ కూడా వెయ్యలేదు, ఓపిక లేక." కళ్లజోడు పెట్టుకుంది. "ఫైలు ఎలా ముగించాలో నాకు చేతకాదండీ రాఘవులు గారూ. ముగియకుండా చూడ్డం అంటారా, అది నాకొదిలెయ్యండి."

సొరుగులోంచి చెక్క స్కేలు తీసింది. బీరువా మీది గ్లోబుని బల్ల మీదికి దింపించింది. స్కేలుని దాని పక్కన నిటారుగా నిలబెట్టి, ఒక కన్ను మూసి చూసింది. ఆవిడ మొహం నెమ్మదిగా వికసించింది.

"ఇదేంటండీ, వంగి ఉంది?"

"భూమి అక్షం అలాగే వంగి ఉంటుందండీ. ఇరవై మూడున్నర డిగ్రీలు," అన్నాడు రాఘవులు అలవాటు కొద్దీ, హైమావతి మొగుడు కాబట్టి. అని, నాలిక కరుచుకున్నాడు.

"మీరు చెప్పింది నేను వినలేదు," అంది మాణిక్యాంబ గారు, అప్పటికే రాస్తూ. "స్టాకు రిజిస్టరులో 'గ్లోబు ఒకటి' అనే ఉంది, వంగిన గ్లోబు అని లేదు. మన అధీనంలోకి వచ్చాక వంగిందా, బస్సులో వంగిందా, బడిలోనే వంగిందా? వంచినది ఎవరు? బాధ్యులు తేలేవరకు వస్తువును విడుదల చేయరాదు. సాక్షి అయిన ఉపాధ్యాయురాలిని ఊరు విడువనీయరాదు." చుక్క పెట్టి, సిరా ఆరనిచ్చి, తిరగేసి చదువుకుని, మొదటి పేజీ పైన ఎర్ర సిరాతో 'అతి ముఖ్యము' అని రాసింది. ఆ మాట పడిన ఫైలు ఆ ఆఫీసులో పదేళ్లకి తక్కువ బతకలేదు.

శరభేశ్వరరావు గారు ఆ కాగితం చదివి తల పట్టుకున్నారు. కానీ పాయింటు బలమైనదని ఒప్పుకోక తప్పలేదు. గ్లోబు చేసిన కంపెనీకి ఒక ఉత్తరం, బస్సు డిపోకి ఒక ఉత్తరం, మడకశిర బడికి ఒక ఉత్తరం వెళ్లాయి. కంపెనీ వాళ్లు, మేము వంచలేదు, భూమే అలా ఉంది అని జవాబు రాశారు. అయితే భూమిని వంచినవారి నుంచి సంజాయిషీ ఎలా రాబట్టాలో సలహా ఇవ్వవలసిందిగా ఫైలు న్యాయ విభాగానికి వెళ్లింది. ఇప్పటికి రెండేళ్లయింది, ఇంకా అక్కడే ఉంది.

హైమావతి ప్రతి సాయంత్రం నాలుగున్నరకి వస్తుంది. గ్లోబు మీద దుమ్ము తుడిచి సంతకం పెడుతుంది. ఐదున్నరకి రాఘవులు సంచి భుజాన వేసుకుని లేస్తాడు. ఆఫీసు నుంచి వాళ్ల ఇల్లు ముప్పావు కిలోమీటరు, నడిస్తే పది నిమిషాలు. మార్కెట్ దగ్గర ఆగి, కూరలు బేరమాడి, మాట్లాడుకుంటూ వెళ్లేసరికి ఆ ఇద్దరికీ ముప్పావుగంట పడుతుంది. మాణిక్యాంబ గారు కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉంటుంది. ఆ ఆలస్యం మీద మాత్రం ఇంతవరకూ కొర్రీ వెయ్యలేదు.